ముందు అడగాల్సిన మాట

భవానీపురంలో ఎవరింట్లో దయ్యం తిరిగినా తెరేసమ్మనే పిలిచేవారు. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న వినీల, వెళ్లీ వెళ్లగానే గట్టిగా ప్రార్థన అందుకోబోయేది. తెరేసమ్మ కసిరేది.

“గుమ్మంలోకి వచ్చినవాళ్లని ముందు అన్నం తిన్నారా అని అడగాలే. చచ్చిపోయినంత మాత్రాన మర్యాద తప్పుతామా?”

అలా అడిగేసరికి ఎంత మొండి దయ్యమైనా ఏడ్చేది. నాలుగు ముద్దలు తిని, తనంతట తనే వెళ్లిపోయేది.

తెరేసమ్మను సమాధి చేసి వచ్చిన సాయంత్రం, వినీల వంటింట్లో పీట మీద ఆవిడే కూర్చుని ఉంది. వినీల బావురుమంది.

“నేర్పిందంతా గంగలో కలిపావటే?” అంది తెరేసమ్మ విసుగ్గా.

వినీల కళ్లు తుడుచుకుంది. “అన్నం తిన్నారా, అమ్మమ్మగారూ?”

“లేదే.”

గిన్నె నిండా అన్నం ఉన్నా, వినీల సన్నటి మంట మీద మళ్లీ ఎసరు పెట్టింది.