‘అడ్వైజ్డ్’ అని రాసి వదిలేసిన ఎద్దు

పశువులకు ముద్దచర్మ వ్యాధి మా వైపు పాకిన వానకాలంలో, ఉద్యోగ విరమణకు రెండున్నరేళ్ల ముందు, నన్ను తల్లాడ నుంచి టేకులపల్లి అడవి అంచున ఉన్న ఒక పశువైద్యశాలకు బదిలీ చేశారు. నా హోదా పశువైద్యాధికారి. నా కింద యాకూబ్ అనే అటెండరు, టీకాల ఐస్‌పెట్టె, ఒక పాత మోటార్‌సైకిల్. పైన డివిజన్‌లో సహాయ సంచాలకులు ఉండేవారు. ఆయన్ని మేం ఏడీ గారు అనేవాళ్లం.

మా శాఖలో అన్ని మందులకంటే ఎక్కువ వాడకం ఉన్నది ‘అడ్వైజ్’ అనే ఇంగ్లీషు క్రియకు. నిఘంటువులో దాని అర్థం సలహా చెప్పడం. బ్యాంకువాళ్ల చేతిలో తెలియజేయడం. పై అధికారి ‘యూ ఆర్ అడ్వైజ్డ్’ అని రాస్తే అది ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చిన ఆజ్ఞ. కింద నుంచి మేం ‘ప్లీజ్ అడ్వైజ్’ అని రాస్తే, రేపు ఏమైనా జరిగితే బాధ్యత మీదేనని ముందే చెప్పుకోవడం. ఇక కేసు రిజిస్టరులో జ్వరం, మందు రాసి చివర ‘అడ్వైజ్డ్’ అని పెడితే డాక్టరు పని పూర్తయినట్టు. ఈ చివరి వాడుకలో నేను ఆరితేరినవాణ్ణి.

తల్లాడలో అది చెల్లింది. అక్కడి రైతుకు వేరే కొట్టం ఉంటుంది, వాములో గడ్డి ఉంటుంది, పాలేరు ఉంటాడు. నేను చెప్పింది విని, నచ్చితే చేసేవాడు, లేకపోతే లేదు. అదే అలవాటు వెంటబెట్టుకొని అడవి దాకా వచ్చాను.

అక్కడ ఒక గిరిజన గూడెంలో ముత్తయ్య అనే రైతుకు ఒక జత ఎద్దులుండేవి. పత్తి చేలో గుంటక తోలే రోజులు. ఆ వారం పది రోజుల్లో గుంటక పడకపోతే చేను గడ్డిపాలవుతుంది. అలాంటప్పుడు దాపటి ఎద్దుకు, అంటే కాడికి ఎడమవైపు కట్టేదానికి, ఒంటి నిండా గడ్డలు లేచాయి. జ్వరానికి సూది వేశాను. ఈగలూ దోమలూ ఈ రోగాన్ని మోస్తాయి కాబట్టి దాన్ని వలపటి ఎద్దుకు దూరంగా కట్టమన్నాను. మందలోకి తోలవద్దన్నాను, వేపాకు పొగ వేయమన్నాను. ముత్తయ్య ప్రతి మాటకూ “అవ్ సారూ” అన్నాడు. నేను రిజిస్టరులో ‘అడ్వైజ్డ్ ఐసొలేషన్’ అని రాసి వచ్చేశాను.

కొన్నాళ్లకు అటు వెళ్తే ఆ ఎద్దు మందలోనే మేస్తోంది. నాకు ఒళ్లు మండింది. ముత్తయ్య ఇంటి ముందు నిలబడి, చెప్పిన మాట వినేవాళ్లకే వైద్యం చేస్తానని కేకలేశాను. అతను తలవంచుకున్నాడు. జవాబు చెప్పింది వాళ్లమ్మ లచ్చమ్మ.

“చెప్పి పోతివి సారూ. మా వంతు దగ్గరపడె. ఇప్పుడు ఎద్దును మందకు తోలకపోతే, కాపు ఎగ్గొట్టనీకి కట్టేసుకున్నరని అందరు అనరా?”

ఆ గూడెంలో పశువులన్నీ ఒకే మందగా అడవికి పోతాయి. కాయడానికి రోజుకొక ఇంటి వంతు. వంతు వచ్చే ముందు పశువును ఇంట్లో ఆపుకుంటే తప్పించుకుంటున్నారనే అంటారు. రోగమని మీరే చెప్పవచ్చు కదా అన్నాను.

“మేం చెప్తే సాకంటరు. నువ్వు చెప్తే రోగమంటరు. పొద్దుగాల మంద కాడికొచ్చి నిలబడి చెప్పు.”

ఊరి వంతులు తేల్చడం పశువైద్యుడి పని కాదని చెప్పి బండెక్కాను. ఏడీ గారికి పరిస్థితి వివరించి, టీకాలు అడిగి, చివర ‘ప్లీజ్ అడ్వైజ్’ అని పెట్టాను. టీకాలు త్వరలో వస్తాయని, ఈలోగా ‘ఫార్మర్స్ మే బీ అడ్వైజ్డ్’ అని జవాబు వచ్చింది. నేను పైకి తోసిన మాట చుట్టూ తిరిగి మళ్లీ నా ఒళ్లోనే పడింది. అప్పుడైనా గూడేనికి పోలేదు. టీకాలు వచ్చాక ఒకేసారి పోదామనుకున్నాను.

టీకాలతో వెళ్లేసరికి మరో మూడిళ్ల పశువులకు గడ్డలు లేచాయి. ముత్తయ్య వలపటి ఎద్దు మేత మానేసి, కళ్ల వెంట నీరు కారుస్తూ నిలబడి ఉంది. రోగం వచ్చినదానికి టీకా వేయకూడదు. మిగతావాటికి టీకాలు వేసి, రోగమున్నవాటికి జ్వరం సూదులు వేశాను, పుండ్లు కడిగాను.

మర్నాడు తెల్లవారుతుండగా మంద కూడే బయలులో నిలబడ్డాను. రోగమున్నవి ఇంటి దగ్గరే ఉండాలని, ఆ ఇళ్ల వంతు తర్వాత వేసుకోవాలని చెప్పాను. గూడెం పెద్ద నన్ను ఎగాదిగా చూశాడు.

“కట్టేస్తే ఏం మేస్తయి సారూ, నీ రిజిస్టరా?”

అందరూ నవ్వారు. తమ భాషలో ఇంకేదో అనుకొని మళ్లీ నవ్వారు. యాకూబ్ నా చెవి దగ్గరికొచ్చి, “గడ్డి తెస్తమని ఒప్పుకోండ్రి సార్, లేకుంటే గిది తెగది” అన్నాడు. ఒప్పుకున్నాను. ఆ పశువులు తేరుకునేదాకా రోజూ నేనూ యాకూబూ దారిలోని చేల గట్ల మీద గడ్డి కోసి మోటార్‌సైకిల్ మీద మోపులు తెచ్చాం. వెనకాల పిల్లలు ‘గడ్డి డాక్టర్’ అని అరిచేవాళ్లు. విసుగొచ్చేది, నడుము నొప్పి పుట్టేది. కానీ రోగమున్న ఒక్క పశువు కూడా మందలోకి పోలేదు. రోగం ఆ నాలుగిళ్లు దాటలేదు.

దాపటి ఎద్దు బతికింది. వలపటిది చనిపోయింది. ఒంటెద్దుతో గుంటక సాగక ముత్తయ్య చేను సగం గడ్డిలో కలిసింది. తర్వాత తనిఖీకి వచ్చిన ఏడీ గారు ఆ కేసు చూసి, రైతుకు సకాలంలో అడ్వైజ్ చేశారని మెచ్చుకున్నారు. నేను ఆయన మాటను సరిదిద్దలేదు.

పత్తి తీతలయ్యాక ముత్తయ్య వైద్యశాలకు వచ్చాడు. తిట్టడానికేమో అనుకున్నాను.

“సారూ, ఉన్నదాన్ని అమ్మాల్నా, దానికి జతను కొనాల్నా? నువ్వు చెప్పు.”

నీ ఇష్టం, ఆలోచించుకో అనే మాట అలవాటుగా నోటిదాకా వచ్చింది. కొనమన్నాను. సంత రోజు అతనితో వెళ్లి, పళ్లు పట్టి చూసి, నడిపించి, కాడి కట్టించి చూసి, నేనే ఎంచాను. అది కుంటితే తప్పు నాదేనని అందరికీ చెప్పుకొమ్మన్నాను. “చెప్పకుంట ఊకుంటనా” అన్నాడు.

సలహా చెప్పడానికి వైద్యం తెలిస్తే సరిపోదు. అది ఎవరి ముందు చెప్తే అమలవుతుందో తెలుసుకోవాలి, మర్నాడు పొద్దున అక్కడ నిలబడాలి. ఇది తెలిసేనాటికి నా సర్వీసు రెండేళ్లే మిగిలింది. ఆ రెండేళ్లూ రిజిస్టరులో ‘అడ్వైజ్డ్’ అని రాస్తే, దాని పక్కన మళ్లీ వెళ్లే రోజు కూడా రాశాను.