హాస్పిటల్‌కు దగ్గరి కొండ

మా ఇంట్లో స్కీయింగ్ మాట చాలా ఏళ్ళపాటు నిషేధం. నా భార్య మేముండే ఊరు గ్వెల్ఫ్‌లో ఎమర్జెన్సీ నర్సు. చలికాలం శని, ఆదివారాల్లో డ్యూటీ చేసి వచ్చిందంటే భోజనాల దగ్గర చెప్పే కబుర్లన్నీ ఒకే రకం. మణికట్టు విరిగిన కాలేజీ విద్యార్థిని, మోకాలు మెలిపడ్డ బ్యాంకు మేనేజరు, భుజం జారిన తొమ్మిదేళ్ళ పిల్ల. కొందరు స్కీ బూట్లతోనే స్ట్రెచర్ మీద వచ్చేవారట. వాటిని విప్పడం కట్టు కట్టడం కన్నా పెద్ద పనట. అందుకే మా అమ్మాయి స్కూలు నుంచి ఏటా స్కీ ట్రిప్ ఫారం తెచ్చినా, నా భార్య ‘పంపడం లేదు’ అన్నచోట టిక్కు పెట్టి సంతకం చేసేది. నేనూ ఎదురు చెప్పలేదు. విరిగిన ఎముకల సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు కదా అనుకున్నాను.

పోయిన జనవరిలో ఒక శుక్రవారం, మార్కమ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఇంటికి వచ్చింది. తనకిప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఆఫీసువాళ్ళంతా స్కీయింగ్‌కి వెళ్తున్నారనీ, తనకు రాదు కాబట్టి వెళ్ళడం లేదనీ మాటల మధ్యలో చెప్పింది. స్కూల్లో ట్రిప్ రోజున తనూ ఇంకో ఇద్దరూ లైబ్రరీలో కూర్చునేవారని కూడా, ఏ ఫిర్యాదూ లేకుండా, పప్పన్నం కలుపుకుంటూ చెప్పింది.

"ప్రతి ఏడూనా?" అని అడిగింది నా భార్య.

"యా, ఎవ్రీ ఇయర్. ఇట్స్ ఓకే అమ్మా," అంటూ అమ్మాయి మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కుంది.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ నా భార్య, ఆదివారం ముగ్గురం స్కీయింగ్‌కి పోదామంది. నేను సరిగ్గా విన్నానో లేదోనని మళ్ళీ అడిగాను.

ఎక్కడికి అన్నది తేలడానికి ఆ పూటంతా పట్టింది. అమ్మాయి ఫోనులో పెద్ద రిసార్టు చూపించింది. రెండు గంటల డ్రైవ్. కొండ నిండా దారులు, కింద హోటళ్ళు, దుకాణాలు, ఒక చిన్న ఊరంత ఉంది. నిజం చెప్పాలంటే నా మనసూ అటే లాగింది. ఇన్నేళ్ళకు ఒక్కసారి వెళ్తున్నాం, చూడదగ్గ చోటికే వెళ్దామన్నాను. నా భార్య ఆ ఫోను తీసుకుని, మ్యాపును వేళ్ళతో పెద్దది చేసి, మా ఊరి చుట్టుపక్కలే చాలాసేపు వెతికింది. ఇంటికి నలభై నిమిషాల దూరంలో, పొలాల మధ్య ఒక చిన్న స్కీ కొండ దొరికింది. ఫొటోలో ఒక చెక్క భవనం, ఒకే ఒక కుర్చీల లిఫ్టు, పక్కన పిల్లలు నేర్చుకునే చిన్న వాలు.

అమ్మాయి చూసి నవ్వింది. "అమ్మా, అది కొండ కాదు, స్పీడ్ బ్రేకర్."

"ఇక్కడ పడితే మా హాస్పిటల్‌కే తీసుకొస్తారు. అంత దూరంలో పడితే ఎవరు చూస్తారో ఏమో," అంది నా భార్య.

మేమిద్దరం నవ్వాం. ఆమె నవ్వలేదు. దాంతో అదే ఖాయమైంది.

ఆదివారం కారులో పులిహోర డబ్బాతోపాటు క్రేప్ బ్యాండేజీలు, ఐస్ ప్యాకులు కూడా ఎక్కాయి. పార్కింగ్‌లో దిగి తలెత్తితే కొండ మొత్తం ఒక్క చూపులో కనిపించింది. నా భార్యకు అది నచ్చింది. తాను స్కీ చేయడానికి రాలేదనీ, చూడటానికే వచ్చాననీ ముందే చెప్పేసింది. అమ్మాయి హెల్మెట్ పట్టీ మూడుసార్లు సరిచేసి, అప్పుడు వదిలింది. క్లాసులో మా అమ్మాయి తప్ప అందరూ ఆరేడేళ్ళ పిల్లలే. నేర్పేది తెల్లజుట్టు పెద్దావిడ. ఆగాలంటే స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి పిజ్జా ముక్కలా పెట్టాలని ఆవిడ చెబితే, మా అమ్మాయి ఆ పిల్లలతో సమానంగా తలూపింది.

మేమిద్దరం కంచె పక్కన నిలబడ్డాం. నా భార్య ఎవరి ముఖాలూ చూడలేదు, అందరి మోకాళ్ళే చూసింది. గంట గడిచింది. పిల్లలు పడ్డారు, లేచారు, మళ్ళీ పడ్డారు. చివరికి ఉండబట్టలేక, దెబ్బలు తగిలితే చూసే సిబ్బంది గదికి వెళ్ళింది. వెనకాలే నేనూ వెళ్ళాను. లోపల ఎర్ర జాకెట్టు ఆయన సూప్ తాగుతున్నాడు. తాను ఎమర్జెన్సీ నర్సునని చెప్పి, ఈ రోజు ఎన్ని కేసులు వచ్చాయని అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, పొద్దున ఒక పాప చేతి తొడుగు పోయిందనీ, దొరికిందనీ చెప్పాడు. పెద్ద దెబ్బలూ తగులుతాయి గానీ రోజూ కాదన్నాడు.

బయటికి వచ్చాక ఆమె వాలు వైపు తిరిగింది.

"నా దగ్గరికి వచ్చేది పడ్డవాళ్ళేనండీ. సుబ్బరంగా దిగి ఇంటికి పోయేవాళ్ళు నాకెలా కనిపిస్తారు?" అంది.

నేను కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. లోపాలున్నాయని పక్కన పడేసిన పీసుల్ని మాత్రమే చూసి మొత్తం తయారీని అంచనా వేయకూడదని కొత్తవాళ్ళకు నేనే చెప్పేవాణ్ణి. అదే ముక్క ఇంట్లో చెప్పాలని నాకు ఎన్నడూ తోచలేదు.

పది నిమిషాల తరువాత చూస్తే నా భార్య అద్దె బూట్లలో కాళ్ళు ఇరికించుకుంటోంది. ఆమె కోటు నా చేతికిచ్చి మంచులోకి నడిచింది. రెండడుగులు జారగానే కూలబడింది. లేవబోయి మళ్ళీ కూలబడింది. అమ్మాయి క్లాసు వదిలి వచ్చి, చెయ్యందించడానికి బదులు తనూ పక్కనే కూర్చుంది.

"ఆ రోజుల్లో నిన్ను పంపాల్సింది," అంది నా భార్య.

అమ్మాయి చేతిలోని మంచు నలుపుతూ, "లైబ్రరీ బానే ఉండేది అమ్మా. బస్ తిరిగొచ్చాక వాళ్ళ స్టోరీస్ వినడమే నచ్చేది కాదు," అంది.

అదేం పర్వాలేదని అంటుందనుకున్నాను. అనకపోవడమే మంచిదైంది. నా భార్య తలూపి, కూతురి హెల్మెట్ మీది మంచు దులిపింది. తరువాత ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, పడుతూ లేస్తూ నిలబడ్డారు. సాయంత్రం దాకా ఆ చిన్న వాలు మీద ఎన్నిసార్లు దిగారో నేను లెక్కపెట్టలేదు. ఇద్దరి కోట్లూ మోస్తూ, చల్లారిన కాఫీ తాగుతూ చూస్తూ ఉన్నాను. పులిహోర కారులోనే గడ్డకట్టింది.

ఫిబ్రవరిలో అమ్మాయి ఆఫీసువాళ్ళతో పెద్ద రిసార్టుకు వెళ్ళి వచ్చి, ఆ కథంతా ఫోనులో గంటసేపు చెప్పింది. నా భార్య మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాకుండా విన్నది. మేమిద్దరం మాత్రం ఆమెకు సెలవున్న బుధవారాల్లో ఆ చిన్న కొండకే వెళ్తున్నాం. ఆ రోజు జనం తక్కువ. లిఫ్టు దగ్గరి మనిషికి మేమిప్పుడు పరిచయస్థులం. ఈ మధ్య నేనూ బూట్లు అద్దెకు తీసుకుంటున్నాను. ఆమె ముందు దిగి, కింద నిలబడి, నెమ్మదిగా రమ్మని నాకు చెయ్యి ఊపుతుంది.