పౌడరు లేని ముఖం

"...తుడిచినవంటే ఊకోను, చెప్తున్న! పౌడరు లేకుంట ఫొటో ఎట్ల దిగుతరే?"

"ఫొటో కాదత్తమ్మా. వెలుగు నీ మొఖం మీద ఎట్ల పడ్తదో చూస్కోవాలె. పౌడరుంటే అది కనబడది."

"ఏం కనబడాలె? నలుపా?"

కల్పలత తడిగుడ్డ పట్టుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. స్టూలు మీద కూర్చున్న అత్తగారు విమలమ్మ కొంగుతో ముఖం కప్పేసుకుంది. సీతాఫల్‌మండిలో ఆ రెండు గదుల ఇంట్లో ఆదివారం పొద్దున ఇలా మొదలైంది.

పెళ్ళికి ముందు కల్పలత ఒక ఫొటో స్టూడియోలో ఆల్బములు చేసేది. "జెర తెల్లగ చెయ్యి మేడం" అనని పెళ్ళివారు లేరు. పెళ్ళికూతుళ్ళ ముఖాలు తెల్లబడేవి, చేతులు మాత్రం వాళ్ళవిగానే మిగిలిపోయేవి. ఇప్పుడు ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక చిన్న వీడియో గేముల కంపెనీలో, గేములో తిరిగే మనుషులకు లైటింగు చేస్తోంది. కొత్త గేములో దారి చెప్పే పూలమ్మే అవ్వకు పట్టుబట్టి అత్తగారి ముఖమే పెట్టించింది. తీరా చూస్తే గేములోని నీడపట్టు సందులో ఆ ముఖం వెనక గోడలో కలిసిపోతోంది. ఎదుటి లైటు పెంచితే బూడిద పూసినట్టవుతోంది. సోమవారానికి కుదరకపోతే ముఖం రంగే తెల్లగా మార్చేద్దామన్నాడు టీం లీడరు విశ్వతేజ. మళ్ళీ ఆ పని తన చేతుల మీదుగా జరగడం ఆమెకు ఇష్టం లేదు.

బతిమాలగా బతిమాలగా విమలమ్మ ముఖం తుడవనిచ్చింది. "ఉత్తగ కూసోమంటే నాతోని కాదు" అంటూ స్టీలు పళ్ళెంలో బియ్యం పోసుకుని రాళ్ళేరడం మొదలుపెట్టింది. కిటికీలోంచి వచ్చిన ఎండ పళ్ళెం అంచుకు తగిలి, కిందినుంచి ఆమె గడ్డం మీదికీ చెంప మీదికీ పాకింది. నలుపు నలుపుగానే ఉంది. చెంప మీద మెత్తటి మెరుపు, కళ్ళ పక్కన నవ్వు గీతలు కనిపించాయి.

"అట్లనే ఉండత్తమ్మా, కదలకు!"

"బియ్యంల పురుగుంది. కదలకుంట ఎట్లనే?"

కల్పలత లాప్‌టాప్ తెరిచి గేములో అవ్వకు ఎదుటి లైటు తగ్గించింది. పూలబుట్ట దగ్గర, అంటే పళ్ళెం ఉన్నచోట, చిన్న లైటొకటి పెట్టింది. అది అవ్వతోపాటే నడుస్తుంది, గోడ మీద పడదు. వెనకనుంచి జుట్టు అంచు వెంట సన్నటి గీతలా ఇంకొకటి. ముఖం గోడను విడిచి ఇవతలికి వచ్చింది.

విమలమ్మ లేచొచ్చి వంగి చూసింది. "గిది నేనే గదనే! ముక్కుపుడక సుత పెట్టినవ్." తెర మీద వేలు పెట్టి అడిగింది. "ఆ లైటు నా ఒక్కదానికేనా?"

"నీ ఒక్కదానికే."

బొమ్మ పంపిన కాసేపటికి విశ్వతేజ ఫోన్ చేశాడు. కల్పలత చాయ్ వడపోస్తూ స్పీకరు నొక్కింది.

"లైటింగ్ సూపర్ కల్పలతా, ముఖం మంచిగా కనిపిస్తుంది. అయినా సేఫ్‌గా ఉంటది, కలర్ జెర తెల్లగా చేసేద్దాం. ఎవరడుగుతారు?"

కల్పలత నోరు తెరిచేలోగా విమలమ్మ ఫోను మీదికి వంగింది.

"నేనడుగుత బిడ్డా. రేపు పొద్దుగాల మా కోడలితోని మీ ఆఫీసుకు నేను సుత వస్తున్న, పౌడరు లేకుంటనే."