మాస్టారి అరచెయ్యి

మొన్న సాయంత్రం బాపట్లలో మా ఇంట్లో టీవీలో ఇంగ్లీషు వార్తలు వస్తున్నాయి. ఎక్కడో యుద్ధం. పక్కింటి పిన్నిగారు గుమ్మంలోకి వచ్చి ఏదో చెప్పబోయారు. తల తిప్పకుండానే ఆగమని చెయ్యెత్తాను. పాపం, ఆగారు. వార్తలయ్యాక చెప్పారు.

"తెనాలి నుంచి మా ఇంటికి ఫోనొచ్చింది బాబూ. మీ మాస్టారు పోయారంట."

ఏడుపు కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. అలా చెయ్యెత్తడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

తెనాలిలో మాకు ఇంగ్లీషు చెప్పేవారాయన. ఆ ఉచ్చారణ మాకు పట్టుబడాలని, సాయంత్రాలు వరండాలో రేడియో పెట్టి లండన్ వార్తలు వినిపించేవారు. అరచెయ్యి లేచిందంటే దగ్గు కూడా మింగాల్సిందే. లండన్ చెప్పిందే నిజం. "నెత్తిన వాన పడుతున్నా లండన్ చెబితేగానీ గొడుగు తియ్యరు ఈయన" అని మాస్టారి భార్య, అమ్మగారు దెప్పేవారు.

ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చింది. అది వెళ్లిన మర్నాడు, మా వీధిలో చేపలమ్మే ఆవిడ తట్ట లేకుండా వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. ఒళ్లంతా బురద. "సారూ" అంది. మాస్టారు చెయ్యెత్తారు. రేడియోలో ఏదో దేశపు ఎన్నికల ఫలితాలు చెబుతున్నారు. అవి పూర్తయ్యాక "ఏంటమ్మా?" అన్నారు.

"రేపల్లె అవతల మా ఊళ్లోకి సముద్రం వచ్చేసిందండి. పిల్లలూ, మా అమ్మా చర్చి మీదున్నారండి. పడవ కావాలండి."

"లండన్‌లో చెప్పలేదే" అన్నారు మాస్టారు. అనేసి, ఆవిడ మొహం చూసి, గబుక్కున లేచారు.

లారీ మాట్లాడి, పడవ ఎక్కించుకుని వెళ్లాం. పిల్లలు దక్కారు. ముసలామె దక్కలేదు. ఆ కాసేపు ఆలస్యం వల్లేనని ఎవరూ అనలేదు, ఆవిడ కూడా. మాస్టారు మాత్రం ఆవిడ ఎదురైనప్పుడల్లా తలొంచుకునేవారు. మర్నాడు లండన్ కూడా చెప్పింది, ఒక్క ముక్క. రేపల్లె పేరు లేదు.

రేడియో మానలేదాయన, ఇంగ్లీషంటే ప్రాణం కదా. కానీ మెట్ల మీద అడుగు వినపడితే చాలు, వాక్యం మధ్యలోనే కట్టేసేవారు. "లండనుకి లోకమంతా కనపడుద్దిరా. మన మెట్ల దగ్గర నిలబడ్డ మనిషిని మనమే చూడాలి" అనేవారు. నాకు ఉచ్చారణ అబ్బింది, ఇది అబ్బలేదు.

నిన్న తెనాలి వెళ్లాను. మాస్టారిని ఆ వరండాలోనే పడుకోబెట్టారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. చేపలమ్మే ఆవిడ, ఇప్పుడు ముసలిది, ఆ మెట్ల దగ్గరే నిలబడి ఉంది.

"పైకి రామ్మా" అన్నాను.

"ప్రార్థన అవనీండి బాబూ" అంది మెల్లగా. "నేనుంటా."