నేను ఎంచి ఇచ్చిన వెండి హంస

సికింద్రాబాదులో జనరల్ బజారు వెనక సందులో మా నాయినకు చిన్న వెండి దుకాణం ఉండేది. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో పని. కంటోన్మెంటులో దొరలు ఉన్నన్నాళ్ళు మాకు అన్నం పెట్టింది పట్టీలూ మట్టెలూ కాదు, బ్రోచ్‌లు. దొరసానులు తమ దేశం వెళ్ళేముందు మన పురాణాల బొమ్మలున్న వెండి బ్రోచ్‌లు తలా నాలుగైదు కొనుక్కుపోయేవాళ్ళు. రెక్కలు విప్పిన గరుత్మంతుడు, ఏనుగుల నడుమ లక్ష్మి, కాళీయుడి పడగ మీద కృష్ణుడు, బంగారు లేడిని వేలితో చూపిస్తున్న సీత. ఎవరు ఎవరో వాళ్ళకు తెలియదు. నాయిన వచ్చీరాని ఇంగ్లీషులో ఒక్కో కథను రెండు ముక్కల్లో చెప్పి పంపేవాడు.

దొరలు వెళ్ళిపోయాక ఆ సరుకంతా అద్దాల బీరువాలో మిగిలిపోయింది. అదృష్టం కొద్దీ, ఆ రోజుల్లోనే బళ్ళలో, ఆస్పత్రుల్లో ఉద్యోగాలు చేసే మన ఆడవాళ్ళు చీర కొంగు భుజం మీద నిలవడానికి బ్రోచ్ పెట్టుకోవడం షురూ చేశారు. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. ఆడపిల్లల బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని. సెలవు రోజుల్లో దుకాణంలో కూచుని, వచ్చిన ఆడవాళ్ళకు బ్రోచ్‌లు ఎంచి ఇచ్చేదాన్ని.

ఎంచడం నాయిన నేర్పిన పని. బొమ్మ అందం చూసి మోసపోవద్దని, ముందు వెనక్కి తిప్పి చూడాలని చెప్పేవాడు. సూది కీలు దగ్గర ఊగకూడదు. నొక్కి వదిలితే వెంటనే లేవాలి. కొక్కెం సూదిని గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే ఎక్కడో జారిపోతుంది, ఎక్కడ జారిందో కూడా తెలియదు. ఆ తర్వాత బొటనవేలితో అంచంతా తడిమి చూడాలి. ఎక్కడన్నా మొన తగిలితే పట్టుచీర పోగు లాగేస్తుంది. బొమ్మ మొహం ఆఖరున చూడాలి. కళ్ళు సరిగ్గా కుదరని బొమ్మను నాయిన బేరానికే తీసేవాడు కాదు.

మా బడిలో కుట్టుపని నేర్పే టీచరమ్మను అక్క అనే అర్థంలో అందరం ఆపా అనేవాళ్ళం. ముప్పయి అయిదేళ్ళుంటాయి. నల్గొండ వైపు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్ళు, అన్నయ్య పరుపులు కుట్టేవాడు. బడిలో చేరిన మొదటి నెల పిల్లల ముందు నిలబడాలంటే నాకు భయం వేసేది. అప్పుడు రోజూ వచ్చి నా తరగతి వెనక బల్ల మీద కూచుని, ఏదో కుట్టుకుంటున్నట్టు కనిపిస్తూ నాకు ధైర్యం ఇచ్చింది ఆమే.

ఆ ఏడు వానాకాలం మొదట్లో ఒక ఆదివారం ఆపా మా దుకాణానికి వచ్చింది. కొత్త నేత చీర కొనుక్కుందట, దాని మీదికి బ్రోచ్ కావాలంది. "నాకేం తెల్వదు బేటా. జెర మంచిది నువ్వే ఏరి పెట్టు," అంది.

లక్ష్మి బ్రోచ్ బాగుందని తీశాను. ఆమె చేత్తో పట్టుకుని మెచ్చుకుంది గానీ వెనక్కిచ్చింది. "దేవతను పెట్టుకుంటే మావోళ్ళు ఒక మాటంటరు, మీవోళ్ళు ఒక మాటంటరు. ఎందుకొచ్చిన తక్లీఫ్," అని నవ్వింది. అప్పుడు నాయిన వెనక గదిలోంచి ఒక బ్రోచ్ తెచ్చి పెట్టాడు. కోలగా, చింతగింజకన్నా కొంచెం పెద్దగా ఉన్న పలక మీద తల వెనక్కి తిప్పిన హంస. దమయంతి దగ్గరికి నలుడి ముచ్చట మోసుకుపోయిన హంస అని నాయిన కథ చెప్పాడు. ఆపా ఆ కథ వింటూ ఉండగానే నేను కీలూ కొక్కెం చూసి, అంచు తడిమి, ఇది తీసుకోండని చెప్పాను. ఆమె వెంటనే డబ్బులిచ్చి తీసుకుంది.

జాగ్రత్తలు కూడా నేనే చెప్పాను. పెట్టుకుని తీశాక చెమట తుడవాలి. మల్లుగుడ్డలో చుట్టి పెట్టాలి, ఉన్నిలో పెట్టకూడదు. నల్లబడితే కుంకుడు నురుగుతో కడిగి, మెత్తని విభూతితో వేలి కొసన రుద్దాలి. చింతపండు మాత్రం తగలనివ్వకూడదు, గీతల్లోని నలుపు పోతే హంస కనపడదు. ఆపా పాఠం అప్పజెప్పినట్టు ప్రతిదీ తిరిగి చెప్పింది.

ఆ తర్వాత రోజులు చెడిపోయాయి. బడి కొన్నాళ్ళు నడిచేది, కొన్నాళ్ళు మూసేసేవాళ్ళు. పల్లెల నుంచి మూటలతో వచ్చిన మనుషులు బంధువుల ఇళ్ళలో నిండిపోయారు. మా బడిలో తెలుగు చెప్పే టీచరమ్మ అంతకుముందు ఎండాకాలంలోనే పుట్టింటికి పోయి అక్కడే చిక్కుకుపోయింది. వాళ్ళ ఇంటి మీద పడి ఉన్నదంతా దోచుకుపోయారని, తల్లి ప్రాణాలు అరచేత పట్టుకుని బెజవాడలో బంధువుల ఇంటికి చేరిందని కబురు వచ్చింది. ఆ టీచరమ్మ వయసులో నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను అక్కయ్య అని పిలిచేదాన్ని.

పోలీస్ యాక్షన్ అయింది. మిలిటరీ బళ్ళు మా వీధి చివర నుంచి పోతుంటే జనం దండలు పట్టుకుని నిలబడ్డారు. మేమూ నిలబడ్డాం. అదే వారం ఆపా వాళ్ళ వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. నల్గొండ వైపు నుంచి చెడ్డ కబుర్లు వస్తున్నా, అక్కడి ఆమె బంధువులు ఎలా ఉన్నారో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

బడి మళ్ళీ తెరిచారు. అక్కయ్య తిరిగి వచ్చింది. మనిషి సగమైంది. మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు. ఒక మధ్యాహ్నం టీచర్ల గదిలో అయిదారుగురం ఉన్నాం. నేను పిల్లల కోసం రంగు కాగితాలు కత్తిరిస్తున్నాను. ఆపా లోపలికొచ్చి కొంగు సర్దుకుంది. అక్కయ్య లేచి దగ్గరికి పోయి, ఆమె భుజం మీది బ్రోచ్‌ను చూస్తూ ఉండిపోయింది.

"ఇది మా అమ్మది," అంది.

అరవలేదు. గొంతు కూడా పెంచలేదు. మాట అంటూనే ఏడ్చింది. వాళ్ళమ్మ పెట్టెలో సరిగ్గా ఇలాంటి హంసే ఉండేదని, చిన్నప్పుడు దాంతో ఆడుకున్నానని చెప్పింది. ఆపా మెల్లగా, కాదమ్మా, ఇది నేను కొనుక్కున్నది అని చెప్పింది. ఎప్పుడని ఎవరో అడిగారు. వానాకాలం మొదట్లో అని ఆమె ఉన్నదే చెప్పింది. అక్కయ్య ఇల్లు దోచుకున్నది దానికి నెల ముందు. గదిలో అందరూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఎక్కడ కొన్నరు?" అని అడిగింది అక్కయ్య.

ఆపా నా వైపు చూసింది.

ఒక్క మాట చాలు. మా దుకాణంలో కొన్నది, నేనే ఎంచి ఇచ్చాను, దాన్ని మా నాయిన చేత్తో చేశాడు, హంసల అచ్చు ఒకటే ఉంటే దాంతో పది హంసలు పుడతాయి అని చెబితే అయిపోయేది. కానీ ఆ రోజుల్లో దోపిడీ వెండి ఎక్కడెక్కడ అమ్ముడుపోయిందో అని అధికారులు వెతుకుతున్నారు. బజారులో ఒకరిద్దరు వెండి పనివాళ్ళను పిలిచి అడిగారని అంతకు రెండు రోజుల ముందే విన్నాం. దుకాణం ముచ్చట బయట ఎక్కడా తియ్యొద్దని నాయిన మా అందరికీ చెప్పాడు. నేను నోరు విప్పితే, అయితే ఆ వెండి మీ దుకాణానికే వచ్చిందా అంటారని భయపడ్డాను. ఆ భయం నిజమే. దాంతోపాటు ఇంకొకటి కూడా ఉంది, అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గు. ఏడుస్తున్న అక్కయ్య ఎదుట, అందరూ ఒకవైపున్నప్పుడు, ఆపా పక్కన నేనొక్కదాన్నే కనపడడం నాకు ఇష్టం లేకపోయింది.

తల దించుకుని కాగితం కత్తిరించాను.

ఆపా ఇంకెవరి వైపూ చూడలేదు. బ్రోచ్ తీసింది. రుమాలుతో తుడిచి బల్ల మీద పెట్టింది. "మీ అమ్మ వచ్చినంక చూపియ్యి. ఆమెదైతే ఆమె దగ్గరనే ఉండని," అని అక్కయ్యతో చెప్పి, తరగతికి పోయింది. ఆ నెలాఖరు వరకు వచ్చింది. తర్వాత రాలేదు. కాప్రాలో అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోయిందని ఆయా చెప్పింది.

చెబుదామని రోజూ అనుకునేదాన్ని. బడికి పోయేటప్పుడు దారంతా మాటలు కూర్చుకునేదాన్ని. గేటు దాటాక అక్కయ్య మొహం చూసి రేపు అనుకునేదాన్ని. అట్లా రెండు నెలలు గడిచాయి. చివరికి ఒక సాయంత్రం అక్కయ్యే మా దుకాణానికి వచ్చింది. వాళ్ళమ్మ బెజవాడ నుంచి వచ్చిందట. బ్రోచ్ చూపిస్తే, ఇది మనది కాదు, మనది గుండ్రంది, దాని మీద హంసలు రెండు అని చెప్పిందట.

నిజం బయటపడింది, నా నోటి నుంచి మాత్రం కాదు.

"ఆమె దగ్గరికి ఒక్కదాన్నే పోలేను. నాతో వస్తవా?" అని అక్కయ్య అడిగింది. నాయిన ఆ బ్రోచ్ చేతిలోకి తీసుకుని, ఇది నా పనే గదా, కుట్టుపని టీచరమ్మకు ఇచ్చిందే గదా అన్నాడు. అక్కయ్య నా వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

తెలుసన్నాను.

"తెలిసీ ఊకున్నవా? నేనంటే దుఃఖంల ఉన్న. నాకు కండ్లు కనపడలే. నీకేమైంది?"

నేను నాయిన వైపు చూసి, దుకాణం పేరు తియ్యొద్దన్నారని చెప్పాను. నాయిన బ్రోచ్‌ను బల్ల మీద పెట్టాడు. తర్వాత అన్నాడు. "నీవొచ్చి చెప్తే నేనే బడికొచ్చి చెప్తుంటి గద బిడ్డా. మన దుకాణంల దొంగ వెండి ఎన్నడన్న కొన్ననా, నేను భయపడెటందుకు?"

తిట్టి ఉంటే బాగుండేది. నేను కప్పుకున్న సాకును ఆయన నెమ్మదిగా తీసి పక్కన పెట్టాడు.

అక్కయ్య బ్రోచ్‌ను పసుపు కుంకుమల డబ్బాలో పెట్టిందేమో, గీతల నిండా ఎరుపు ఇరుక్కుని, వెండి నల్లబడింది. శనివారం పొద్దున దాన్ని కుంకుడు నురుగులో నానబెట్టి, మెత్తని కుంచెతో ఒక్కో ఈకలోంచి కుంకుమ తీశాను. విభూతితో రుద్దాను. నాయిన చూస్తూనే ఉన్నాడు, సాయం రాలేదు.

ఆదివారం ఇద్దరం జట్కా మాట్లాడుకుని పోయాం. ఇప్పుడు ఏ.ఎస్. రావు నగర్ అంటున్న వైపంతా అప్పుడు బండలూ సీతాఫలం పొదలూ. కాప్రా చెరువు దాటాక ఆపా అన్నయ్య ఇల్లు. వాకిట్లో దూది ఆరబోసి ఉంది. ఆపా మమ్మల్ని చూసి లోపలికి రమ్మంది, మంచం మీద దుప్పటి పరిచింది, చాయ్ పెట్టింది. ముందు అడిగింది అక్కయ్య తల్లి గురించి. ఆమె ఆరోగ్యం ఎట్లుంది, ఊరికి తిరిగిపోతుందా అని. అక్కయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను బ్రోచ్ తీసి ఆమె చేతిలో పెట్టి, జరిగినదంతా చెప్పాను. తప్పంతా నాదేనని చెప్పాను.

ఆపా హంసను కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. "మంచిగ కడిగినవ్," అంది. కొంచెం ఆగి, "ఆనాడు నువ్వు చెప్తవని చూసిన. నువ్వు చెప్పకపోతే, చెప్పలేని కష్టం ఏదో ఉన్నదనుకున్న. నీ పేరు నేనెందుకు తియ్యాలె అని ఊకున్న," అంది.

ఆమెను మళ్ళీ బడికి రమ్మని బతిమాలాం. ఇంట్లోనే కుట్టుపని దొరుకుతోందని చెప్పింది. లేచేటప్పుడు నన్ను ఒకటి అడిగింది.

"మీ నాయినతోని ఒక కాయితం రాయించియ్యి బేటా. ఈ బ్రోచ్ మీ దుకాణంల కొన్నదని. ఎవరన్న అడిగితే చూపియ్యనీకి."

కోపం లేదు ఆ మాటలో. రేషన్ చీటీ అడిగినట్టు అడిగింది. మా దుకాణంలో అంతవరకు ఎవరికీ రాయించుకోవలసిన అవసరం రాని కాగితం అది. నాయిన మంచి దస్తూరీతో రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. మరుసటి ఆదివారం పట్టుకుపోయాను. ఆపా దాన్ని మొదటి నుంచి చివరి దాకా పైకి చదివి, సరిగ్గా ఉందని తలూపి, మడిచి పెట్టెలో పెట్టుకుంది.

తర్వాత నేను పండగలకూ పబ్బాలకూ పోతూనే ఉన్నాను. ఆమె ఎప్పటిలాగే నవ్వేది, ఏమైనా పెట్టి పంపేది. రెండేళ్ళకు నా పెళ్ళి కుదిరింది. రవికల మీద కుట్టుపనంతా డబ్బు ముట్టుకోకుండా ఆపానే చేసింది. పెళ్ళికి జట్కాలో వచ్చింది. పీటల మీద నుంచి చూశాను. ఆమె మంచి పట్టుచీర కట్టుకుంది. భుజం మీద కొంగుకు మామూలు ఇనుప పిన్నీసు ఉంది.

భోజనాలయ్యాక నన్ను దీవించడానికి దగ్గరికి వచ్చినప్పుడు ఉండబట్టలేక, హంస పెట్టుకోలేదేమని అడిగాను.

"జట్కాల పడిపోతదని పెట్టెలకెళ్ళి తియ్యలే బేటా," అంది ఆపా.

దాని కొక్కెం ఎంత గట్టిదో నాకు తెలుసు. అయినా నమ్మినట్టు తలూపాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉండమని దీవించి, పొద్దుగూకకముందే కాప్రా చేరాలని వెళ్ళిపోయింది.