కిట్టు వినే పంచాంగం

సిడ్నీలో మా పెండిల్ హిల్ పేటలో ఏ దోసెల హోటల్లో కూర్చున్నా సరే, కిట్టు పేరెత్తగానే ఎవరో ఒకరు అనేస్తారు: "తండ్రి కర్మకి కూడా వెళ్ళలేదుటండీ. పరీక్ష ముఖ్యమైపోయింది." అనేసి, ఇంకో గరిటె సాంబారు పోయించుకుని తింటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. కిట్టు ఇప్పుడు రౌస్ హిల్‌లో ఒక క్లబ్బు వంటగదికి పెద్ద. ద పాండ్స్‌లో ఇల్లు కట్టుకున్నాడు. తన తరఫున తను ఒక్క మాట చెప్పుకునే మనిషి కాడు కాబట్టి నేను చెబుతున్నాను.

నా పేరు అమృతం. మాది నరసాపురం. ఇక్కడ వృద్ధుల హోములో నర్సుని. మా ఆయన విలియం బస్సు నడుపుతాడు. మా పక్కిల్లు గోపాలరావుగారిది. ఆయన బ్యాంకులో కంప్యూటర్ల పని చేసేవారు, ఆయన భార్య వసంత నాకు స్నేహితురాలు. వాళ్ళ వెనకగదిలో కిట్టు అద్దెకుండేవాడు. రెండువేల ఏడు ప్రాంతం సంగతి ఇది, కిట్టుకి అప్పటికి ఇరవై రెండేళ్ళు.

రాజమండ్రి పిల్లాడు. తండ్రి సుందరరామయ్యగారు సిద్ధాంతి, నలుగురికీ ముహూర్తాలు పెట్టే మనిషి. అలాంటి ఇంటి ఒక్కగానొక్క కొడుకు ఇంజనీరింగు మధ్యలో వదిలేసి సిడ్నీ వచ్చి వంట కోర్సులో చేరాడు. ఆ కోర్సు చేస్తే ఇక్కడ ఉండిపోవడం సులువని ఆ రోజుల్లో వందలమంది చేరారు. మిగతావాళ్ళు ఇళ్ళకి ఫోన్ చేసి "హోటల్ మేనేజ్‌మెంట్" అని డాబుగా చెప్పుకున్నారు. ఈ వెర్రిబాగులవాడు ఉన్నదున్నట్టు చెప్పాడు. గొర్రె తొడలోంచి ఎముక ఎలా తియ్యాలో నేర్పుతున్నారని కూడా చెప్పాడు. ఆ రోజునుంచి తండ్రి ఫోను ముట్టుకోలేదు. కిట్టు ప్రతి ఆదివారం చేసేవాడు. తల్లి కనకదుర్గమ్మగారు మాట్లాడేది. "నాన్నకియ్యమ్మా" అనేవాడు. "పూజలో ఉన్నార్రా" అనేది ఆవిడ. ఏడాదిన్నరపాటు ఏ వేళప్పుడు చేసినా ఆయన పూజలోనే ఉన్నారు.

తండ్రి గొంతు మాత్రం రోజూ వినేవాడు, రేడియోలో.

అప్పట్లో మనవాళ్ళకి ఇక్కడ రెండు శాటిలైట్ రేడియోలు ఉండేవి. ఇప్పుడు రెండూ లేవు, పేర్లెందుకు. మేము వాటిని తెలుగు డిష్, క్రికెట్ డిష్ అనేవాళ్ళం. తెలుగు డిష్‌లో రోజంతా తెలుగు. పాత పాటలు, నాటికలు, ఆదివారం మాలాంటివాళ్ళకి దైవసందేశం, రోజూ పంచాంగం. క్రికెట్ డిష్‌లో హిందీ పాటలు, క్రికెట్ కామెంటరీ, ఎక్కడో ఒక గంట తెలుగు. రెండింటి ఉపగ్రహాలూ ఆకాశంలో చెరో దిక్కున ఉండేవి. ఇంటిమీద డిష్ అటైనా తిరగాలి, ఇటైనా తిరగాలి. మా ఇంటిదీ గోపాలరావుగారిదీ తెలుగు వైపే ఉండేవి.

ఆ పంచాంగం చదివేది సుందరరామయ్యగారు. అక్కడ తెల్లవారి ఆరు, ఇక్కడ చలికాలం పదిన్నర. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం, ఏ పనికి మంచి రోజు, అంతా కలిపి పది నిమిషాలు. వసంత పక్కనే కాగితం పెట్టుకుని ఆ వేళల్ని సిడ్నీ వేళల్లోకి మార్చుకునేది. "రాహువుకి కూడా వీసా ఇచ్చారా ఇక్కడికి?" అని నేను ఏడిపించేదాన్ని. కిట్టు మాత్రం తిథి కోసం వినేవాడు కాదు. గొంతు కోసం వినేవాడు. "ఇవాళ దగ్గెక్కువగా ఉందాంటీ" అనేవాడు. ఇంకోరోజు, "కోపంగా ఉన్నారు, అమ్మ కాఫీ లేటుగా ఇచ్చుంటుంది" అనేవాడు. ఆ పది నిమిషాలే వాడికి ఇల్లు.

జూన్‌లో వాడి ఆఖరి పరీక్ష. వంటగదిలో నిలబెట్టి, కత్తులిచ్చి, చేయించి చూస్తారు. ఆ పరీక్షకి పది రోజుల ముందు సుందరరామయ్యగారు రాజమండ్రిలో ఆస్పత్రిలో పోయారు.

కబురు గోపాలరావుగారికి వచ్చింది. కనకదుర్గమ్మగారు ఆయనతోనూ వసంతతోనూ ఒట్టు వేయించుకుంది: పరీక్ష అయ్యేదాకా పిల్లాడికి చెప్పొద్దు. ఇది మనవాళ్ళకి కొత్త కాదు. హిందువులనీ కాదు, మా చర్చిలోనూ చూశాను. దేశం కాని దేశంలో చదువుకుంటున్న పిల్లలకి చావు కబురు పరీక్షల తరవాతే. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదే కాబోలు. నేను ముసలివాళ్ళ మంచాల పక్క పనిచేసే మనిషిని. పోయినవాళ్ళ పిల్లలకి ఫోన్ చేసి, పోయారని తిన్నగా చెప్పడం నా ఉద్యోగం. అందుకేనేమో ఈ దాపరికం చూస్తే నాకు అసహ్యం. కానీ ఆ రోజున నాకూ తెలియదు.

మర్నాడు పక్కింట్లో రేడియో పెట్టె "పాడైపోయింది". ఆ సాయంత్రం గోపాలరావుగారు క్రికెట్ డిష్ కాగితం ఒకటి పట్టుకొచ్చారు. నేను వాళ్ళ వంటింట్లోనే టీ తాగుతున్నాను.

"అది బాగుచేయించేకంటే ఇది మేలమ్మా. రేపు డిష్‌వాడు వస్తున్నాడు. వరల్డ్ కప్పు అన్నీ వస్తాయి" అన్నారు నాతో, కిట్టు వైపు చూడకుండా.

కిట్టు లేచి నిలబడ్డాడు. "అంకుల్, ప్లీజ్. బాక్స్ రిపేర్ నేను చేయిస్తాను. క్రికెట్ కావాలంటే నెట్‌లో స్కోరు చూసుకోవచ్చు కదండీ. అందులో న్యూస్ లేదు, పాత పాటల్లేవు, వసంతాంటీకి పంచాంగం ఉండదు. ఎక్స్‌ట్రా ఎంతైతే అంత నేను పే చేస్తానండీ."

వాడు ప్లీడరులా అన్నీ చెబుతున్నాడు, అసలుది తప్ప. గోపాలరావుగారు "అడ్వాన్స్ ఇచ్చేశాన్రా" అన్నారు. ఆయన ఏ వస్తువైనా నాలుగు కొట్లు తిరగనిదే కొనే మనిషి కాదు. నాకు ఒళ్ళు మండి, "మీకు క్రికెట్ బంతికీ నిమ్మకాయకీ తేడా తెలీదు కదండీ, ఇప్పుడీ పిచ్చేమిటి?" అన్నాను. వసంత ఉల్లిపాయలు కోస్తూ ఒక్కసారి నా వైపు చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలే అనుకున్నాను.

మర్నాడు డిష్ తిరిగిపోయింది. వాళ్ళ భయం ఏమిటంటే, రేడియోలో సంతాపం చెబుతారు, లేదా ఆయన చోట కొత్త గొంతు వస్తుంది, కిట్టుకి తెలిసిపోతుంది. అన్నీ ఆలోచించారు. పక్కింటి కప్పు మీద అదే డిష్ ఇంకోటుందని ఆలోచించలేదు.

ఆ మర్నాడు పదిన్నరకి కిట్టు మా వంటింటి తలుపు కొట్టాడు. "ఆంటీ, పది నిమిషాలు కూర్చుంటానండీ. తరవాత క్లాసుకి వెళ్ళిపోతాను." రేడియో పెట్టాను. జ్యేష్ఠ బహుళ షష్ఠి అంటూ సుందరరామయ్యగారి గొంతు వచ్చింది. నిదానంగా, తేటగా. కిట్టు తల వంచుకుని విన్నాడు. అయిపోయాక తలెత్తితే మొహం వెలిగిపోతోంది.

"దగ్గు లేదాంటీ! గమనించారా? ఒక్కసారి కూడా రాలేదు. తగ్గిపోయింది నాన్నకి."

ఆ సంతోషంలో నా చేతి రొట్టెలు ఆరు తిన్నాడు. తరవాత రోజు కూడా వచ్చాడు. ఆ తరవాతా వచ్చాడు. రోజూ అదే మాట, నాన్న గొంతు బాగుంది. "పరీక్ష పాసయ్యాక ఫోన్ చేస్తానండీ. ఈసారి అమ్మ ఏం చెప్పినా పెట్టెయ్యను. పూజ అయ్యేదాకా పట్టుకునే ఉంటాను. గొంతు చూస్తే ఆయనకీ మెత్తబడిందనిపిస్తోంది" అన్నాడు. నేను కూడా మంచిదేరా అన్నాను.

నాలుగోరోజు వసంత నా గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. రేడియోలో ఆయన వర్జ్యం చెబుతున్నారు. వసంత గుమ్మంలోనే ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. కిట్టు నవ్వుతూ, "రండాంటీ, మీ పంచాంగం ఇక్కడుంది" అన్నాడు. ఆవిడ గిన్నె అక్కడే పెట్టేసి వెనక్కి నడిచింది. వాడు క్లాసుకి వెళ్ళాక నేను వెళ్ళి నిలదీశాను. అప్పుడు చెప్పింది, ఆయన పోయిన సంగతీ తాము వేసిన ఒట్టూ. ఆయన నెలకి సరిపడా పంచాంగం ముందే రికార్డు చేసి పెట్టారనీ, ఆ కంపెనీవాళ్ళు ఆ టేపులే వేస్తున్నట్టున్నారనీ ఏడుస్తూ అంది.

"కర్మ ఎప్పుడు?" అన్నాను.

"పదకొండోరోజు. వాడి పరీక్షరోజే. తలకొరివి వాళ్ళ బాబాయి కొడుకు పెట్టేశాట్ట."

"ఇంకా టైముంది. వెళ్తే అందుకుంటాడు. చెప్పండి వాడికి."

"వాళ్ళమ్మ ఒట్టు అమృతం! ఈ పరీక్ష పోతే వాడి బతుకేం కావాలి?"

"పోయినాయన కొడుకు రోజూ నా వంటింట్లో కూర్చుని మా నాన్న కోలుకున్నాడని మురిసిపోతున్నాడు. మీరు చెప్పకపోతే నేను చెప్తాను. నేనెవరికీ ఒట్టు వెయ్యలేదు" అన్నాను. ఇవాళ మళ్ళీ ఆ పరిస్థితి వచ్చినా అదే చేస్తాను.

మర్నాడు పంచాంగం అయిపోయాక రేడియో ఆపి చెప్పాను. "కిట్టూ, మీ నాన్నగారు పోయార్రా. ఇవాళ్టికి ఎనిమిదో రోజు."

వాడు నవ్వాడు. "అదేంటాంటీ, ఇప్పుడే కదా దశమి అన్నారు. ఇవాళ దశమేగా."  వాడి నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం మారిపోయాయి. సిద్ధాంతి కొడుకు కదా, ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఏడాది పంచాంగమంతా ఉగాదికే అచ్చయిపోతుంది. ఏ రోజు తిథైనా ఏ రోజైనా చదివి పెట్టుకోవచ్చు.

"ఎవరు పెట్టారు తలకొరివి?" అన్నాడు. చెప్పాను.

లేచి పెరట్లోకి వెళ్ళి, తోట గొట్టం తిప్పి, కట్టుబట్టలతో నెత్తిన పోసుకున్నాడు. జూన్ నెల చలి. పళ్ళు టకటకలాడుతున్నా ఆపలేదు. వసంత తువ్వాలు పట్టుకుని కంచెదాకా వచ్చింది. వాడు తీసుకోలేదు. విలియం ఇంట్లోంచి దుప్పటి తెచ్చి కప్పితే దాంట్లో ముడుచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ దుఃఖం ఆగలేదు.

ఆ సాయంత్రమే గోపాలరావుగారు స్వయంగా వెళ్ళి మర్నాటి విమానానికి టికెట్టు కొనుక్కొచ్చారు. పాపం, చెడ్డమనిషి కాదు. "పరీక్ష మళ్ళీ ఎప్పుడైనా రాసుకుందువుగానిలే" అన్నారు. కిట్టు టికెట్టు తీసుకున్నాడు గానీ ఆయనతో మాట్లాడలేదు.

మర్నాడు సూట్‌కేసు సర్దుకుని మా గుమ్మంలో పెట్టి, బయల్దేరుతున్నానని చెప్పడానికి తల్లికి మా ఇంటినుంచి ఫోన్ చేశాడు. లైను సరిగ్గా వినబడకపోతే నేనే స్పీకరు నొక్కాను. ఆవిడ చాలాసేపు ఏడ్చింది. తరవాత కొడుకుని ఓదార్చాలని కాబోలు, అసలు సంగతి చెప్పింది.

"నీమీద కోపంతో పోలేదు నాన్నా ఆయన. ఆస్పత్రిలో చేరబోయేముందు రెండ్రోజులు రేడియోవాళ్ళ రికార్డింగు గదిలో కూర్చున్నారు. నేనూ పక్కనే ఉన్నాను. దగ్గొస్తే ఆపించి మళ్ళీ మొదట్నించి చదివేవారు. నీ పరీక్ష ఏ తారీకో నన్నడిగి, అది దాటేదాకా చదివిపెట్టారు. వద్దండీ, ఓపిక లేదు మీకు అంటే, వాడు వింటాడే, మధ్యలో నా గొంతు ఆగిపోతే కంగారుపడతాడు, కత్తులతో పని, చెయ్యి తెగుతుంది అన్నారు."

నేను కళ్ళు తుడుచుకున్నాను. కిట్టు తుడుచుకోలేదు. 

"అయితే నేను వింటున్నానని తెలుసన్నమాట" అన్నాడు.

"తెలుసు నాన్నా. మొదట్నించీ తెలుసు. నేనే చెప్పాను."

"నెలరోజులు మాట్లాడిపెట్టారు కదమ్మా. ప్రతి ఆదివారం ఫోన్ చేశాను. నాతో ఒక్క మాట మాట్లాడ్డానికి ఏమొచ్చింది?"

అవతల ఆవిడ ఏడుపు మళ్ళీ మొదలైంది. కిట్టు ఫోను పెట్టేశాడు. తరవాత గుమ్మంలో సూట్‌కేసు ఎత్తుకుని, ఎయిర్‌పోర్టుకని పిలిస్తే వచ్చి రోడ్డు మీద ఆగిన టాక్సీ వైపు కాకుండా, తన వెనకగది వైపు నడిచాడు.