బోటును ఒడ్డుకెందుకు లాగమనలేదంటే

మా అక్క పోయి ఎనిమిది నెలలవుతోంది. నేను పెద్దగా ఏడవలేదు. బావ అసలే ఏడవలేదు. దినాలు ముగిసిన మర్నాడే నేను జీడిమెట్లలో ఫిట్టర్ పనికి వెళ్లాను, ఆయన శామీర్‌పేట చెరువు మీద బోటు నడపడానికి వెళ్లాడు. అప్పట్నుంచి ఆదివారాలు చెరువు దగ్గరికి పోయి ఆయన పక్కన కూర్చునేవాణ్ని. ఏం మాట్లాడుకున్నామంటే చెప్పడానికి ఏమీ గుర్తు లేదు.

బోటు ముప్పై మంది పట్టేది. పైన రేకు కప్పు, వెనకాల డీజిల్ ఇంజన్. వానాకాలం మొదట్లో దాని పొగ మనుషులు కూర్చునే చోటికి రావడం మొదలైంది. ఎక్కినవాళ్లు ముక్కులు మూసుకునేవారు. బావకు సాయంత్రానికల్లా తలనొప్పి. బోట్ల కాంట్రాక్టు తీసుకున్నాయన భూములున్న ఇంటివాడు, ఇప్పుడు ప్లాట్లు అమ్ముతాడు. నేను పుస్తకాలు చదువుతానని బావ ఎప్పుడో చెప్పి ఉండాలి, ఇంజన్ చూడమని ఆయన నన్ను పిలిపించాడు.

పదో తరగతి తప్పాక నేను నేర్చుకున్నదంతా మేడ్చల్ లైబ్రరీలోనే. ఈ మాట గొప్పగానే చెప్తున్నాను. అక్కడ మూల బీరువాలో, ఎవరో వదిలించుకున్న ఇంగ్లిష్ పుస్తకం ఒకటుంది, పడవల ఇంజన్ల మీద. నేను తీసేదాకా దాని పేజీలు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. డిక్షనరీ పక్కన పెట్టుకుని పొగగొట్టాల అధ్యాయం నాలుగుసార్లు చదివాను. అది సముద్రం మీద తిరిగేవాళ్ల కోసం రాసింది. పాటు వచ్చి నీళ్లు దిగినప్పుడు పడవ బురద మీద కూర్చుంటుంది, మళ్లీ పోటు వచ్చేలోగా పని ముగించుకోవాలి అంటాడు రాసినాయన. మా చెరువులో నీళ్లు దిగాలంటే ఎండాకాలం దాకా ఆగాలి.

పుస్తకం చెప్పినట్టే బోటంతా తడిమి చూశాను. ఇంజన్ చల్లబడటానికి చెరువు నీళ్లనే లాక్కుంటుంది. ఆ నీళ్లు పొగతో కలిసి ఒక ఇనుప వంపులోంచి, తర్వాత రబ్బరు గొట్టంలోంచి, బోటు వెనక గోడకున్న రంధ్రం గుండా తిరిగి చెరువులో పడతాయి. ఇనుప వంపు తుప్పుపట్టి చిల్లు పడింది. అది ఎవరికైనా కనిపిస్తుంది. రెండోది నా వేళ్లకు తగిలింది. వెనక గోడలో గొట్టం బయటికి పోయే చోట ఫైబర్ పగిలి ఉంది, నీటికి బెత్తెడు పైన. వెనక సీట్లు నిండితే ఆ చోటు నీటిలోకి దిగుతుంది, పొగ బయటికి పోలేక పగుల్లోంచి లోపలికి తంతుంది. వంపును నీళ్లలోనే మార్చొచ్చు, రంధ్రానికి బయటినుంచి చెక్క బిరడా కొడితే చాలు. పగులు అట్లా కాదు. తడి ఫైబర్‌కు అతుకు పట్టదు. బోటు ఒడ్డెక్కాలి, ఎండాలి.

ఒడ్డెక్కితే ఇంకో సంగతి ఉంది. కాంట్రాక్టరుకు ఒక పట్టింపు. బోటు ఒకసారి నీళ్లలోంచి పైకొస్తే, తిరిగి దింపేటప్పుడు నడిపేవాడే కొబ్బరికాయ కొట్టాలి. కొట్టినవాడిదే ఆ బోటు. బావకు ఏడాది మైల. అక్క సంవత్సరీకం అయ్యేదాకా గుడికి పోకూడదు, కాయ కొట్టకూడదు. అంటే బోటు యాప్రాల్ నుంచి వచ్చే రెండో డ్రైవరు చేతికి పోతుంది, బావ ఇంట్లో కూర్చుంటాడు.

ఆ రోజు నేను అదంతా తడిమి చూడటానికి దిగే ముందే బావ తాడు చుట్టుకుంటూ ఒక మాట అన్నాడు. ఆ నెలల్లో ఆయన నాతో అన్న మాటల్లో అదే పొడవైనది.

"ఇంట్ల కూసుంటె మీ అక్క దగ్గు ఇనబడ్తది బామ్మర్ది. ఈడ ఇంజన్ సప్పుడుకు ఏం ఇనబడది. నన్ను ఈడనే ఉండనియ్యి."

చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చాను. కాంట్రాక్టరు కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమాయె లైబ్రరీ ఇంజనీరు? మీదికి గుంజాల్నా, నీళ్లల్లనే అయితదా?"

"నీళ్లల్లనే అయితది సారు," అన్నాను.

పగులు గురించి చెప్పలేదు. వంపు విప్పి జీడిమెట్లకు తీసుకుపోయి, మా షెడ్డులోనే కొత్తది చేయించి, వచ్చే ఆదివారం బిగించాను. పగులు మీద ఇంత పుట్టీ మెత్తాను. పొగ చాలా తగ్గింది. సంతోషమూ కాలేదు, భయమూ వేయలేదు. బిరడా పీకి, చేతులు కడుక్కుని, బస్సెక్కాను.

మూడు వారాలకు ఒక ఆదివారం మధ్యాహ్నం నేను కట్ట మీద కూర్చుని చదువుకుంటున్నాను. బోటు నిండా జనంతో తిరిగి వస్తోంది. రేవు దగ్గర ఆగలేదు. నెమ్మదిగా దాటిపోయి అవతలి బురదలోకి ముక్కు గుచ్చుకుంది. ఎక్కినవాళ్లు మొదట నవ్వారు, డ్రైవరు ఆటపట్టిస్తున్నాడనుకున్నారు. ఇంజన్ మాత్రం కొట్టుకుంటూనే ఉంది. ఎవరో లేచి తాళం తిప్పి ఆపారు. నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి బావ స్టీరింగు పట్టుకునే కూర్చుని ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి, పిలిస్తే పలకడం లేదు. తాళం తిప్పినాయన, నేను కలిసి గడ్డి మీదికి మోశాం. చాలాసేపటికి వాంతి చేసుకున్నాడు. నిద్రొచ్చింది అన్నాడు.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి ఒక రోజు ఉంచుకున్నారు. అంతకుముందే నేను బోటు వెనక్కి పోయి చూశాను. పుట్టీ పొర ఊడి వేలాడుతోంది. పగులులో చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. పొగ వెనకనుంచి కప్పు కిందికి మళ్లి, నడిపేవాడి ముఖం దగ్గరే నిలుస్తుందని పుస్తకంలో బొమ్మ వేసి మరీ ఉంది. ఆ బొమ్మ నేను నాలుగుసార్లు చూశాను.

మర్నాడు కాంట్రాక్టరు దగ్గరికి పోయి, బోటును ఒడ్డెక్కించాలి అన్నాను.

"గప్పుడేమో నీళ్లల్లనే అంటివి. నీ బుక్కుల పేజీ మారిందా?"

మారలేదు, అప్పుడే తెలుసు అన్నాను. ఆయన తిట్టలేదు. వినాయక నిమజ్జనానికి కట్ట మీదికి క్రేను వస్తుంది, దానితోనే లేపిద్దామన్నాడు. విగ్రహాలు రాకముందు పొద్దున్నే, విగ్రహాలను దింపే బెల్టులే బోటు కిందనుంచి వేసి పైకి లేపారు. అడుగున పాచి పట్టి, నీళ్లు కారుతూ, అది గాల్లో కొంచెం తిరిగింది. పన్నెండు రోజులు ఎండబెట్టి, పగులు చుట్టూ గీకి, నాలుగు పొరలు వేశాను. పని బాగా వచ్చింది.

దింపిన రోజు రెండో డ్రైవరు కాయ కొట్టాడు. బావ వచ్చాడు గానీ ఆ కాయ నీళ్లు మీద పడనంత దూరంలో నిలబడ్డాడు. బోటు కదిలాక వెనక్కి తిరిగి అలియాబాద్‌లో తన ఇంటి వైపు నడిచాడు. నేనూ వెంట నడిచాను. ఇంటికి పోయి గడప మీద కూర్చున్నాక అడిగాడు.

"మొదాలే ఎర్కనా నీకు?"

"ఎర్కనే బావా."

"మరి సారుకు ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఈడనే ఉండనియ్యి అంటివి గదా."

"అంటి," అన్నాడు.

కోపం చేసుకుంటాడేమోనని చూశాను. చేసుకోలేదు. చేసుకుంటే బాగుండునని అప్పుడు అనిపించిందో, తర్వాత అనిపించిందో చెప్పలేను. నేను వెళ్లడానికి లేస్తుంటే, ఆదివారం దాకా ఆగకుండా పనయ్యాక రోజూ రమ్మన్నాడు.

"ముచ్చట పెట్టకు. ఉత్తగ కూసో."

రోజూ వెళ్తున్నాను. జీడిమెట్ల నుంచి రెండు బస్సులు మారాలి. దారిలో చదువుకుంటాను, ఆయన ఇంట్లో చదవను. మూడో రోజు నుంచి నన్ను అడక్కుండానే ఇద్దరికీ బియ్యం వేస్తున్నాడు. కూరలో ఉప్పు ఎక్కువవుతోంది. ఇద్దరం ఏమీ అనుకోకుండా తింటాం.